బిడ్డకేం తెలుసు గడువు సంగతి!

‘అమ్మా, డాక్టరు డేట్ ఇచ్చింది’ అని అమెరికాలో ఉన్న కూతురు ఫోన్ చేస్తే చాలు, ఇక్కడ ఇంట్లో సందడి మొదలవుతుంది. నాన్నగారు గోడమీది క్యాలెండరు దించుతారు. అమ్మ చలిమిడి, గాజులు, పురిటి కాయం లెక్కలు వేస్తుంది. ఇంతలో వియ్యపురాలి ఫోను. ‘వదినగారూ, మొదటి పురుడు కదా, మీరు వెళ్ళండి. మీరు తిరిగొచ్చాక మేం వెళతాం’ అంటారావిడ. అమ్మమ్మ ఆరు నెలలు, ఆ తర్వాత నాన్నమ్మ ఆరు నెలలు. ఎవరూ రాసిపెట్టకపోయినా చాలా తెలుగు కుటుంబాలు పాటిస్తున్న పద్ధతి ఇది.

ఈ ఆరు నెలల లెక్క శాస్త్రాల్లో లేదు. డాక్టర్లు చెప్పిందీ కాదు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళకు అమెరికా విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి మామూలుగా ఇచ్చే గడువు అది. బారసాల ముహూర్తం మనం పెట్టుకోవచ్చు. ఆ గడువు మాత్రం మన చేతిలో ఉండదు. కడుపులో బిడ్డకు దాని సంగతే తెలియదు. మూడు వారాలు ముందే రావచ్చు, తల్లిని మంచాన పడేయవచ్చు. అప్పుడు బయల్దేరుతుంది మాట, ‘అమ్మ ఇంకో రెండు నెలలు ఉంటే బాగుండు’ అని. ఆ రెండు నెలలూ ఎలా అడగాలి, అడగకుండా ఉండిపోతే ఏమవుతుంది, అసలు అడగాల్సిన అవసరం రాకుండా చూసుకోవచ్చా అన్నదే ఈ వారం మన ముచ్చట.

వీసా వేరు, గడువు వేరు

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. పాస్‌పోర్టులో అంటించిన బి-2 వీసా మీద పదేళ్ళ తర్వాతి తేదీ ఉంటుంది. అది చూసి ‘మాకు పదేళ్ళ వీసా ఉంది, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు’ అనుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వీసా అంటే గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టే అనుమతి. లోపల ఎన్నాళ్ళుండాలో తలుపు తీసిన అధికారి చెబుతాడు. ఆ చెప్పిన తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది.

2013 వరకూ ఈ ఐ-94 ఒక చిన్న తెల్ల కార్డు. విమానంలో నింపితే, అధికారి ఒక ముక్క చింపి పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చేవాడు. కంటికి కనబడేది కాబట్టి గుర్తుండేది. ఆ ఏడాది నుంచి విమానాల్లో వచ్చేవాళ్ళకు అది కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. అందుకే దిగిన రెండు మూడు రోజుల్లోనే అమ్మాయో అల్లుడో కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టి ఐ-94 తీసి ప్రింటు చేయాలి. పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి, గడువు తేదీ నాలుగూ చూడాలి. తప్పు పడి ఉంటే ఆ శాఖవాళ్ళే దిద్దుతారు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద, డాక్టరు అపాయింట్‌మెంట్ కాగితం పక్కనే అంటించండి. ఆ ఇంట్లో అందరూ రోజుకు పదిసార్లు చూసే చోటు అదే.

విమానాశ్రయంలో ‘ఎందుకొచ్చారు?’ అని అడిగితే తడబడనవసరం లేదు. ‘అమ్మాయికి పురుడు. తోడుగా ఉండడానికి వచ్చాను. ఫలానా నెలలో తిరిగి వెళతాను’ అంటే చాలు. నయాగరా చూడ్డానికి వచ్చామని చెప్పి, పెట్టెలో పొత్తిగుడ్డలూ కాయం డబ్బాలూ పెట్టుకోవడమే అనవసరమైన చిక్కు తెస్తుంది.

శ్రీమంతానికా, పురిటికా?

ఇక లెక్కలోకి వద్దాం. అమ్మాయికి మార్చి 15న డేట్ ఇచ్చారనుకోండి. ఏడో నెలలో శ్రీమంతం చేయాలని అమ్మ డిసెంబరు 1న దిగింది. ఆరు నెలలు ఇస్తే మే నెలాఖరుకు గడువు అయిపోతుంది. అప్పటికి బిడ్డకు రెండున్నర నెలలు. ఉద్యోగం చేసే తల్లికి అమెరికాలో 1993 నాటి చట్టం కింద దొరికేది 12 వారాల జీతంలేని సెలవు. అదీ కంపెనీ పెద్దదై, అక్కడ ఏడాది పని చేసి ఉంటేనే. మార్చి 15 నుంచి 12 వారాలంటే జూన్ మొదటి వారం. అంటే కూతురు ఆఫీసుకు వెళ్ళే రోజులొచ్చేసరికి అమ్మ విమానం ఎక్కేస్తుంది. తోడు ఎక్కువ అవసరమైన రోజుల్లోనే తోడు ఉండదు.

అదే అమ్మ ఫిబ్రవరి రెండో వారంలో దిగితే ఆగస్టు రెండో వారం దాకా ఉండొచ్చు. అప్పటికి బిడ్డకు ఐదు నెలలు. ఫారాలు లేవు, ఫీజు లేదు, గుండెదడ లేదు. కాన్పు మూడు వారాలు ముందుకు జరిగినా అమ్మ అక్కడే ఉంటుంది. గాజులు తొడగడానికి అక్కడి స్నేహితురాళ్ళు ఉన్నారు. మనం ఇక్కణ్నుంచి ఫోన్‌లో చూస్తూ అక్షింతలు వేయొచ్చు. పురిటి మంచం పక్కన మాత్రం ఫోను పనికిరాదు. ఆర్నెల్లూ ఎటు ఖర్చు పెట్టాలో టికెట్టు కొనేటప్పుడే ఆలోచిస్తే సగం ఇళ్ళలో పొడిగింపు మాటే రాదు.

అడగాల్సి వస్తే...

అయినా కొన్ని మన లెక్కకు అందవు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలోనే ఉండిపోవచ్చు. సిజేరియన్ కుట్లు మానక అమ్మాయి లేవలేకపోవచ్చు. లేదా చూడవచ్చిన అమ్మకే ఒంట్లో బాగుండకపోవచ్చు. ఇలాంటప్పుడు ఇంకొన్నాళ్ళు ఉండనివ్వమని అడగడానికి దారి ఉంది. దాని పేరు ఐ-539 ఫారం. దాన్ని అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖ యూఎస్‌సీఐఎస్‌కు పంపాలి.

మొదటి నియమం: ఐ-94 గడువు తేదీ లోపలే దరఖాస్తు చేరాలి. 45 రోజుల ముందే వేయమని ఆ శాఖే సలహా ఇస్తుంది. చివరి వారం దాకా ఆగడం రైలు కదిలాక పెట్టె ఎక్కించడం లాంటిది. అత్తయ్యా మామయ్యా ఇద్దరూ వెళ్ళి ఉంటే ఇద్దరికీ కలిపి ఒకే దరఖాస్తు వేయవచ్చు. 2024 ఏప్రిల్ 1న పెట్టిన ఫీజు ఆన్‌లైన్లో అయితే 420 డాలర్లు, కాగితం మీద అయితే 470. ఫీజులు మారుతుంటాయి కాబట్టి వేసే రోజున మళ్ళీ చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

రెండో నియమం: ఉత్తరంలో మూడు ప్రశ్నలకు జవాబుండాలి. ఎందుకు ఉండాల్సి వస్తోంది? ఈ ఉండడం కొన్నాళ్ళకే అని ఏమిటి నమ్మకం? స్వదేశంలో మీ ఉద్యోగం, ఇల్లు సంగతేమిటి? చాలామంది మొదటిదానికి రెండు పేజీలు రాసి మిగతా రెండూ వదిలేస్తారు.

‘మా అమ్మాయి ఆఫీసుకు వెళుతుంది, పిల్లను చూసుకునేవాళ్ళు లేరు, కాబట్టి ఉండనివ్వండి’ అని రాశారనుకోండి. చదివే అధికారికి వచ్చే అనుమానం ఒకటే. ఆరు నెలల తర్వాత మాత్రం అమ్మాయి ఆఫీసు మానేస్తుందా, పిల్ల పెద్దదైపోతుందా? దీనికి అంతెక్కడ? అలా కాక, ‘బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టింది. ఇన్ని రోజులు ఆస్పత్రిలో ఉంది. ఫలానా తేదీ వరకూ తల్లికి సాయం అవసరమని డాక్టరు రాసిచ్చారు. సెప్టెంబరు 10న నా తిరుగు ప్రయాణం టికెట్టు ఇదిగో. ఊళ్ళో నా భర్త, మా ఇల్లు, నా పింఛను ఉన్నాయి’ అని రాస్తే అందులో మొదలూ ఉంది, చివరా ఉంది. దానికి డాక్టరు ఉత్తరం, టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఖర్చులు భరిస్తానని అల్లుడి కాగితం జతచేయాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆరు నెలలే అడగాలని లేదు. పది వారాలు చాలితే పది వారాలే అడగండి.

మూడో నియమం: రసీదు జాగ్రత్త. నిర్ణయం రావడానికి నెలలు పట్టవచ్చు. గడువు లోపల సరైన దరఖాస్తు వేసి, డబ్బు కోసం ఏ పనీ చేయకుండా ఉంటే, అది తేలేదాకా ఉన్న రోజుల్ని అక్రమంగా ఉన్నట్టు లెక్కించరు. జవాబు రాకుండానే మీరు అడిగిన తేదీకి బయల్దేరి వచ్చేయవచ్చు. అప్పుడు ఆ రసీదూ, తిరిగొచ్చిన బోర్డింగ్ పాసూ దాచిపెట్టాలి. రేపు మళ్ళీ వెళ్ళినప్పుడు ‘కిందటిసారి ఎనిమిది నెలలున్నారే?’ అని అడిగితే జవాబు ఆ రెండు కాగితాలే. కుదరదని ఉత్తరం వస్తే మాత్రం మర్నాడే టికెట్టు చూసుకోవాలి. ఆ మర్నాటి నుంచే లెక్క మొదలవుతుంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనవరాలికి జోల పాడితే అది అమ్మమ్మతనం. పక్క అపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళ పిల్లవాణ్ని కూడా చూసిపెట్టి నెలకింత తీసుకుంటే అది ఉద్యోగం. టూరిస్టు వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ‘ఖాళీగానే ఉన్నారుగా పిన్నిగారూ’ అంటూ ఎవరైనా బతిమాలినా సరే, ఆ పని పెట్టుకోవద్దు.

గర్భిణే టూరిస్టు వీసా మీద ఉంటే

ఇది తక్కువమందికి వచ్చే కష్టం. వచ్చినప్పుడు మాత్రం చాలా పెద్దది. అన్నయ్యను చూడ్డానికనో, భర్త కొద్దినెలల పని మీద వెళుతుంటే తోడుగానో వెళుతుంది అమ్మాయి. అక్కడుండగా రక్తపోటు పెరుగుతుంది, లేదా రక్తస్రావం కనిపిస్తుంది. ‘ప్రయాణం వద్దు’ అంటుంది డాక్టరు.

అన్నీ సవ్యంగా ఉంటే 36 వారాల వరకూ విమాన ప్రయాణానికి మామూలుగా ఇబ్బంది లేదని అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. విమాన సంస్థలు అంతకన్నా ముందు నుంచే డాక్టరు సర్టిఫికెట్ అడగవచ్చు. ఒక్కో సంస్థది ఒక్కో నియమం. ఇబ్బంది లేని గర్భిణి గడువు లోపలే, ఎనిమిదో నెల ముదరకముందే ఇంటికి చేరడం మంచిది. ప్రయాణం నిజంగా ప్రమాదమైతే అదే ఐ-539 ఫారం వేయాలి. డాక్టరు ఉత్తరం ‘విశ్రాంతి అవసరం’ అనే ఒక్క ముక్కతో సరిపోదు. ఎన్నో వారం, ఏమిటి ఇబ్బంది, ఎప్పుడు బయటపడింది, ఎప్పటిదాకా విమానం ఎక్కకూడదు, కాన్పు ఎప్పుడు కావచ్చు అన్నవన్నీ ఉండాలి.

తర్వాత ఖర్చు. టూరిస్టుల కోసం అమ్మే ఇన్సూరెన్సుల్లో మామూలు కాన్పు ఖర్చు సాధారణంగా ఉండదు. 1986 నాటి చట్టం ప్రకారం నొప్పులతో ఎమర్జెన్సీకి వచ్చిన గర్భిణిని డబ్బు లేదని ఆస్పత్రి తిప్పి పంపకూడదు. బిల్లు మాత్రం వస్తుంది. అందుకే ముందే ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసుకు వెళ్ళి, ఇన్సూరెన్సు లేనివాళ్ళకు ఎంత తగ్గిస్తారు, వాయిదాలు ఇస్తారా అని అడగాలి. కట్టిన ప్రతి రసీదూ దాచాలి. తర్వాత వీసాకు వెళ్ళినప్పుడు ఆ కాన్పు ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్న ప్రశ్న రావచ్చు.

బిడ్డకు పౌరసత్వం ఇప్పించుకోవడమే అసలు ఉద్దేశమైతే టూరిస్టు వీసా ఇవ్వకూడదని 2020 జనవరిలో అమెరికా నియమం పెట్టింది. ఆ గడ్డ మీద పుట్టిన బిడ్డకు పౌరసత్వం 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ నుంచి వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే ఆ హక్కు ఉండదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. కింది కోర్టులు దాన్ని ఆపాయి, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళు స్నేహితుల మాట మీద కాకుండా, కాన్పు నాటికి ఉన్న నియమమేమిటో లాయరును అడిగి తెలుసుకోవాలి.

బిడ్డ అమెరికా పౌరుడే అయినా, తల్లి గడువు ఒక్కరోజు కూడా పెరగదు. పిల్లలు తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు పెట్టాలంటే 21 ఏళ్ళు నిండాలి. పైగా బిడ్డను వెంట తీసుకురావడానికి జనన ధ్రువపత్రం, దాని మీద అమెరికా పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టు మీద మన దేశపు వీసా లేదా ఓసీఐ కార్డు కావాలి. పసిబిడ్డ పాస్‌పోర్టుకు తల్లీతండ్రీ ఇద్దరూ వెళ్ళాలి. తండ్రి ఇక్కడే ఉండిపోతే నోటరీ చేసిన అంగీకార పత్రం పంపాలి. వీటన్నిటికీ వారాలు పడుతుంది. పొడిగింపు అడిగేటప్పుడు కాన్పు, తల్లి కోలుకోవడంతో పాటు ఈ కాగితాల రోజులు కూడా కలిపి తేదీ రాయాలి.

పది రోజులకు పదేళ్ళ వీసా

‘పది రోజులేగా, ఎవరు చూడొచ్చారు’ అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. రాకపోకల లెక్కంతా కంప్యూటర్లోనే ఉంది. గడువు దాటి ఒక్కరోజు ఉన్నా పాస్‌పోర్టులోని ఆ వీసా దానంతటదే చెల్లకుండా పోతుందని చట్టం. దాని మీద ఇంకా ఏడేళ్ళున్నా అంతే. కొత్త వీసాకు స్వదేశంలోనే మళ్ళీ వరసలో నిలబడాలి. 180 రోజులకు మించి ఏడాది లోపు అక్రమంగా ఉండి వస్తే మూడేళ్ళ నిషేధం. ఏడాది, ఆపైన అయితే పదేళ్ళు. 1996లో వచ్చిన చట్టం ఇది.

మనకు దీని అర్థమేమిటో చూడండి. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వచ్చాక నూట ఎనిమిది చేసి తీర్చుకున్న వీసా అది. దాని మీదే రేపు మొదటి పుట్టినరోజుకు వెళ్ళాలి. అక్షరాభ్యాసానికి వెళ్ళాలి. రెండో పురుడుంటే దానికీ వెళ్ళాలి. బిడ్డ బోర్లాపడే ముచ్చట చూడాలని పది రోజులు ఉండిపోతే, ఆ తర్వాతి ముచ్చట్లన్నీ ఫోన్‌లో చూసుకోవాల్సి రావచ్చు.

ఆవిడను అడిగారా?

పొడిగింపు మాట వచ్చినప్పుడు అమ్మాయి చెబుతుంది, అల్లుడు ఫారం నింపుతాడు, నాన్నగారు ఇక్కణ్నుంచి ‘సరే’ అంటారు. అమ్మను మాత్రం ఎవరూ అడగరు. అడిగినా ఆవిడ ‘ఉండమంటే ఉంటాను’ అంటుంది. ఆ మాటకు చాలా అర్థాలున్నాయి.

ఆర్నెల్లకు సరిపడా తెచ్చుకున్న బీపీ, షుగరు మాత్రలు అయిపోవస్తుంటాయి. ఇన్సూరెన్సు ఆర్నెల్లకే కట్టి ఉంటుంది. పాత జబ్బులు అందులో పూర్తిగా రావు కూడా. పగలంతా ఆ ఇంట్లో పసిపిల్ల ఏడుపూ తానూ. కారు నడపలేదు, పక్కింటి తలుపు తట్టలేదు. సాంబ్రాణి పొగ వేద్దామన్నా పైన అలారం కూస్తుంది. ఇక్కడ ఆయన కర్రీ పాయింటు కూరలతో కాలక్షేపం చేస్తూ, ఫోన్‌లో ‘నాకేం, హాయిగా ఉన్నాను’ అంటుంటారు. రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో ఆవిడకు అక్కడ నిద్ర పట్టదు.

అందుకని దరఖాస్తు వేయకముందే అల్లుడూ కూతురూ ఒక సాయంత్రం కూర్చుని అమ్మను నిజంగా అడగాలి. ‘ఉండాలని ఉందా అమ్మా, వెళ్ళాలని ఉందా?’ అని. ఉంటానంటే మందులు, ఇన్సూరెన్సు, నాన్న భోజనం సంగతి ముందు చూడాలి. వెళతానంటే నొచ్చుకోకూడదు. డేకేరు సెంటర్లలో చోటు కోసం కాన్పుకు ముందే పేరు రాయించుకునే తల్లులు అక్కడ ఎందరో. మనవాళ్ళు అమ్మ ఉందన్న ధీమాతో ఆ పని వాయిదా వేస్తారు. గడువు దగ్గరపడ్డాక కంగారుపడతారు. పొడిగింపు కోసం వేసే దరఖాస్తుల్లో కొన్ని నిజానికి ఆ వాయిదా వల్ల వచ్చినవే.

కాబట్టి ఈసారి మీ ఇంటికి ‘డేట్ ఇచ్చారు’ అన్న ఫోను వచ్చినప్పుడు, క్యాలెండరు మీద ఒకటి కాదు, మూడు తేదీలు గుర్తుపెట్టండి. కాన్పు తేదీ, అమ్మ గడువు తేదీ, దానికి 45 రోజుల ముందు తేదీ. మూడోది వచ్చేలోగా ఉండడమో వెళ్ళడమో తేల్చుకోండి. గడువు లోపల తిరిగొచ్చిన అమ్మమ్మ, మనవడు బడికి వెళ్ళే రోజున మళ్ళీ అదే వీసాతో వెళ్ళి పలక చేతికివ్వొచ్చు.